టీ ట్రీ ఆయిల్: సీసా కొనే దగ్గర్నుంచి చుక్క రాసుకునే దాకా

మూడేళ్ళ క్రితం గడ్డం కింద రెండు మొటిమలొస్తే టీ ట్రీ ఆయిల్ సీసాలోంచి నేరుగా దూదితో అద్దుకుని పడుకున్నాను. పొద్దున చూస్తే మొటిమలు అలాగే ఉన్నాయి, వాటి చుట్టూ రూపాయి బిళ్ళంత మేర చర్మం ఎర్రగా కందిపోయి మంట. మండుతోందంటే పని చేస్తోందని అనుకుని ఇంకో మూడు రాత్రులు రాశాను. చివరికి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ అడిగిన మొదటి మాట, "దేంట్లో కలిపి రాశారు?" దేంట్లోనూ కలపలేదు. రెండో మాట, "సీసా తెరిచి ఎన్నాళ్ళయింది?" ఏడాదిన్నర దాటింది. ఆ రెండు ప్రశ్నలకు సరైన జవాబు ఉండి ఉంటే నాకు ఆ దద్దురు వచ్చేది కాదు. అప్పట్నుంచి ఈ నూనె గురించి ఎవరు అడిగినా ముందు ఆ రెండే అడుగుతున్నాను, ఏ జబ్బుకు వాడుతున్నారన్నది ఆ తర్వాతే.

అసలు ఇదేం నూనె

పేరులో టీ ఉంది గానీ మనం తాగే తేయాకుకు దీనికి చుట్టరికం లేదు. ఈ చెట్టు శాస్త్రీయ నామం మెలలూకా ఆల్టర్నిఫోలియా, సొంత ఊరు ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఉత్తరపు కొసన ఉన్న చిత్తడి నేలలు. మన జామ, నేరేడు, లవంగం, రోడ్ల పక్కన కనిపించే జామాయిల్ చెట్టు ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే, అందుకే మూత తీయగానే కొంచెం కర్పూరం, కొంచెం నీలగిరి తైలం కలిసినట్టు ఘాటుగా వాసన వస్తుంది. అక్కడి ఆదివాసులైన బుంజలుంగ్ ప్రజలు దీని ఆకుల్ని నలిపి పుండ్ల మీద, గాయాల మీద పెట్టుకునేవారు. 1920ల్లో సిడ్నీ మ్యూజియంలో పనిచేసిన ఆర్థర్ పెన్‌ఫోల్డ్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ నూనెను పరీక్షించి, అప్పట్లో ఆపరేషన్లకు వాడే కార్బాలిక్ ఆసిడ్ కంటే క్రిముల మీద ఇది 11 రెట్లు బలంగా పనిచేస్తోందని చెప్పాక దీని పేరు బయటి ప్రపంచానికి తెలిసింది.

ఆకులకు, లేత కొమ్మలకు ఆవిరి పట్టించి నూనె తీస్తారు. అందులో వంద దాకా రసాయనాలు ఉంటాయి, వాటిలో అసలు పని చేసేది టెర్పినెన్-4-ఆల్. బ్యాక్టీరియా, ఫంగస్ కణాల చుట్టూ ఉండే కొవ్వు పొరను అది దెబ్బతీస్తుంది. మన చర్మం పైపొరలో కూడా కొవ్వే ఉంటుంది కదా, కాబట్టి చిక్కగా రాస్తే మన చర్మాన్నీ వదలదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో వాటంతట అవే అర్థమవుతాయి.

మొదటి పని: సీసా చూసి కొనడం

లేబుల్ మీద మెలలూకా ఆల్టర్నిఫోలియా అన్న పేరు ఉండాలి. వట్టి "టీ ట్రీ ఫ్రాగ్రెన్స్ ఆయిల్" అని ఉంటే అది వాసన కోసం చేసిన సరుకు, దాన్ని చర్మానికి రాయకూడదు. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ తేదీ చూడండి. ఆన్‌లైన్‌లో కొంటుంటే ఆ బ్యాచ్‌కు సంబంధించిన ల్యాబ్ రిపోర్టు, జీసీ-ఎంఎస్ అంటారు, కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టిందేమో వెతకండి. ఉంటే అందులో టెర్పినెన్-4-ఆల్ కనీసం 35 శాతం, సినియోల్ అనేది 10 శాతం లోపు ఉన్నాయో లేదో చూసుకోవచ్చు. సినియోల్ ఎక్కువైతే ఘాటు పెరుగుతుంది తప్ప గుణం పెరగదు.

సీసా ముదురు గోధుమరంగు గాజుదై ఉండాలి. ప్లాస్టిక్ సీసాలో అమ్మేది ఎంత చవకైనా వద్దు, ఈ నూనె కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. ఇంట్లో చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది: తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి ఒక రోజు వదిలేయండి. అసలైనదైతే ఆవిరైపోతుంది, జిడ్డు మరక మిగిలితే అందులో వేరే నూనె కలిపారన్నమాట. అయితే రసాయనాలతో చేసిన కల్తీని ఈ కాగితం పట్టుకోలేదు, కాబట్టి మరక పడలేదని పూర్తిగా నమ్మేయకండి. ఇంకో మాట, 10 లేదా 15 మిల్లీలీటర్ల సీసా చాలు, ఆఫర్‌లో ఉందని పెద్దది కొంటే అయ్యేలోపే పాతబడిపోతుంది.

రెండో పని: తేదీ రాసి, చల్లగా దాచడం

మూత తీసిన రోజే మార్కర్‌తో సీసా మీద తేదీ రాసేయండి. గాలి, వెలుతురు, వేడి తగిలేకొద్దీ ఈ నూనె ఆక్సీకరణ చెందుతుంది, అప్పుడు పుట్టే పెరాక్సైడ్లు, అస్కారిడోల్ లాంటివే చర్మానికి అలర్జీ తెచ్చే అసలు దొంగలు. తాజా నూనె పడినవాళ్ళకు పాత నూనె పడకపోవడానికి కారణం ఇదే. ఒకసారి అలర్జీ పట్టుకుందంటే అది జన్మంతా ఉండొచ్చు, తర్వాత ఎంత తాజాది, ఎంత పలచగా రాసినా దద్దురు వస్తుంది. అందుకే ఈ విషయంలో పిసినారితనం పనికిరాదు.

మన దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే ఊళ్ళు ఎన్నో. కిటికీ పక్కన, బాత్రూమ్ అరలో, కారు డ్యాష్‌బోర్డులో పెడితే నూనె నెలల్లో పాడవుతుంది. ఫ్రిజ్ తలుపు అరలో, డబ్బాలో పెట్టి, పిల్లల చేతికి అందని ఎత్తులో దాచండి. తెరిచాక 6 నుంచి 12 నెలల్లోపు వాడేయాలి. చిక్కబడినా, వాసన మారినా పారేయండి, అయితే సింకులో పోయొద్దు, పాత గుడ్డలోకో కాగితంలోకో ఇంకించి కవర్లో మూటకట్టి చెత్తలో వేయండి. ఇది మండే గుణమున్న నూనె, పొయ్యి దగ్గరా దేవుడి దీపం దగ్గరా ఈ పనులు పెట్టుకోకండి.

మూడో పని: చుక్కల లెక్క

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. వీడియోల్లో "రెండు మూడు చుక్కలు వేసుకోండి" అంటారు, దేంట్లో, ఎంతలో అన్నది చెప్పరు. అరచేతిలో పోసుకున్న నాలుగు బొట్ల కొబ్బరి నూనెలో మూడు చుక్కలు వేస్తే అది దాదాపు సగానికి సగం, అదే మూడు చుక్కలు గిన్నెడు నూనెలో వేస్తే ఉన్నా లేనట్టే.

లెక్క చాలా తేలిక. 1 మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు. ఒక టీ స్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు, అంటే 100 చుక్కలు. కాబట్టి టీ స్పూన్ నూనెలో 1 చుక్క వేస్తే 1 శాతం, 2 వేస్తే 2 శాతం, 5 వేస్తే 5 శాతం. ఇంతే, గుర్తుపెట్టుకోవడానికి ఇంకేమీ అక్కర్లేదు. ఒక్కో సీసా మూతలోంచి పడే చుక్క సైజు ఒక్కో రకంగా ఉంటుంది, అందుకని మందుల షాపులో సూది లేని 1 మిల్లీలీటరు సిరంజి కొని, మీ సీసాలోంచి ఎన్ని చుక్కలు పడితే 1 మిల్లీలీటరు అవుతుందో ఒక్కసారి కొలిచి చూసుకోండి. మా ఇంట్లో సీసాకు 26 వచ్చాయి. స్పూన్ కూడా చక్కెర డబ్బాలో వేసే ఏదో ఒక స్పూన్ కాకుండా దగ్గు మందుతో వచ్చే కొలత మూత వాడితే మంచిది.

ముఖానికీ, సున్నితమైన చర్మానికీ మొదట 1 శాతంతో మొదలుపెట్టి, పడితే మెల్లగా పెంచండి, 5 శాతం దాటొద్దు. ఒంటికి, పాదాలకు 2 నుంచి 5 శాతం.

దేంట్లో కలపాలి? నీళ్ళలో మాత్రం కాదు. నూనె నీళ్ళలో కరగదు, పైన తేలుతుంది. బకెట్ నీళ్ళలో పది చుక్కలు వేసుకుని స్నానం చేస్తే ఆ తేలిన నూనె చిక్కగా అలాగే ఒంటికి అంటుకుంటుంది, అదీ ఎక్కడెక్కడో. పెరట్లో కోసిన కలబంద గుజ్జు సంగతీ అంతే, అది దాదాపు నీళ్ళే, పైగా రెండు రోజుల్లో కుళ్ళుతుంది. ఒంటికైతే కొబ్బరి నూనె, నువ్వుల నూనె, బాదం నూనె ఏదైనా సరే. మొటిమలు వచ్చే ముఖానికి కొబ్బరి నూనె వద్దు, చాలామందికి అది రంధ్రాలు పూడ్చేసి మొటిమల్ని ఇంకా పెంచుతుంది. జొజోబా నూనె గానీ స్క్వాలేన్ అనే తేలికపాటి చర్మ నూనె గానీ మేలు. ఏ పూటకు కావలసింది ఆ పూటే కలుపుకోండి. నిమ్మరసం, వంట సోడా, పసుపు లాంటివి ఇందులో కలపమని ఎవరు చెప్పినా వినకండి.

నాలుగో పని: మోచేతి మడతలో పరీక్ష

మీరు వాడబోయే పాళ్ళలోనే కలిపి, మోచేయి లోపలివైపు మడత దగ్గర పావలా బిళ్ళంత మేర రాయండి. దాన్ని రుద్ది కడగకుండా ఒక రోజు ఉంచండి. ఎర్రబడినా, దురద పెట్టినా, చిన్న పొక్కులొచ్చినా వెంటనే సబ్బుతో కడిగేసి ఈ నూనె మీకు కాదని వదిలేయండి. ఏమీ కాకపోతే అక్కడే రోజుకు రెండుసార్లు చొప్పున వారం రాసి చూడండి. వారం ఎందుకంటే అలర్జీ అన్నది చాలాసార్లు మొదటి రోజే బయటపడదు, చర్మం దాన్ని గుర్తుపట్టడానికి కొన్ని రోజులు పడుతుంది. ఓపిక లేకపోతే కనీసం మూడు రోజులైనా ఆగండి. ఎగ్జిమా ఉన్నవాళ్ళు ఈ పరీక్ష కూడా డాక్టర్ని అడిగే చేయండి.

మొటిమలకు

ఈ నూనెకు అన్నిటికంటే గట్టి ఆధారం ఉన్నది ఇక్కడే. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మీద 5 శాతం టీ ట్రీ జెల్‌నూ, మొటిమలకు మామూలుగా రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మందును 5 శాతం పాళ్ళలోనూ పోల్చి చూశారు. రెండూ మొటిమల్ని తగ్గించాయి. టీ ట్రీ ఆలస్యంగా పనిచేసింది, కానీ చర్మం పొడిబారడం, మంట లాంటివి తక్కువ. అంటే ఓపిక ఉన్నవాళ్ళకు, తేలికపాటి మొటిమలున్నవాళ్ళకు ఇది పనికొస్తుంది. పెద్ద పెద్ద గడ్డల్లా వచ్చి మచ్చలు మిగిల్చే రకానికి దీంతో నెలలు వృథా చేసుకోకండి, ఆలోపు పడిన గుంటలు జన్మంతా ఉంటాయి.

చేసే పద్ధతి: రాత్రి ముఖం కడిగి, పూర్తిగా తడి ఆరాక, కలిపిన నూనెను ఇయర్ బడ్‌తో మొటిమ మీద మాత్రమే అద్దండి, ముఖమంతా పూయొద్దు. కంటి చుట్టూ, పెదాల మూలల్లో, ముక్కు లోపల రానివ్వకండి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, ఆ తర్వాత రోజూ. తేడా తెలియాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్, సాలిసిలిక్ ఆసిడ్ లాంటి మొటిమల మందులు వాడుతుంటే అదే పూట దీన్ని రాయకండి, చర్మం తట్టుకోలేదు. నన్నడిగితే ఇంట్లో కలుపుకోవడం కంటే తయారుగా దొరికే 5 శాతం జెల్ కొనుక్కోవడం మేలు, లెక్క తప్పే టెన్షన్ ఉండదు.

చుండ్రుకు

మనకు చిన్నప్పట్నుంచీ అలవాటు, చుండ్రు రాగానే తలకు నూనె బాగా పట్టించడం. కానీ చుండ్రు వెనక ఉండే మలాసీజియా అనే ఫంగస్ బతికేదే కొవ్వు మీద. రాత్రంతా నూనె నానబెట్టి పొద్దున రాలుతున్న పొట్టు అణిగిందనుకుంటాం, నిజానికి ఆ పొట్టు నూనెకు అంటుకుని కనిపించదంతే. అందుకని టీ ట్రీని కొబ్బరి నూనెలో కలిపి రాత్రంతా ఉంచుకోవడం కంటే షాంపూలో కలపడం సరైన దారి.

2002లో 126 మందితో చేసిన పరీక్షలో 5 శాతం టీ ట్రీ షాంపూ 4 వారాలు వాడినవాళ్ళకు చుండ్రు 41 శాతం తగ్గింది, మామూలు షాంపూ వాడినవాళ్ళకు 11 శాతం. ఇంట్లో చేసుకునేవాళ్ళు గిన్నెలో రెండు టీ స్పూన్ల షాంపూ తీసుకుని మొదట 4 చుక్కలు, అంటే 2 శాతం, వేసి బాగా కలపండి, పడితే మెల్లగా 10 చుక్కల దాకా వెళ్ళొచ్చు. మాడుకు పట్టించి మూడు నిమిషాలు ఉంచి, తల వెనక్కి వంచి కడగండి, నురగ కళ్ళలోకి పోతే భరించలేరు. నెల తర్వాత కూడా మార్పు లేకపోతే ఫంగస్ మందు కలిసిన కీటోకోనజోల్ షాంపూ వాడండి, అది తేలిక కూడా. చెవుల వెనక, కనుబొమ్మల్లో, ముక్కు పక్కల ఎర్రగా పొలుసులు లేస్తుంటే అది వట్టి చుండ్రు కాదు, చూపించుకోండి.

పాదాలకు, తామరకు

రోజంతా బూట్లు వేసుకునేవాళ్ళకు, బురదలో, నీళ్ళలో పనిచేసేవాళ్ళకు కాలివేళ్ళ సందుల్లో చర్మం నాని, తెల్లబడి, పగిలి దురద పెడుతుంది. దీనికి టీ ట్రీ పనిచేస్తుందని ఆధారం ఉంది, కానీ ఆ పరీక్షల్లో వాడినది 25, 50 శాతం పాళ్ళు, అంత చిక్కదనానికి కొంతమందికి చర్మం మీద దద్దురు లేచింది కూడా. మందుల షాపులో చవకగా దొరికే క్లోట్రిమజోల్ అనే ఫంగస్ క్రీమ్ ఉండగా ఆ రిస్క్ ఎందుకు? 2 శాతం నూనెను పాదాల వాసన తగ్గడానికి, పగలని చర్మం మీద వాడుకోండి, చాలు. వేళ్ళ సందులు తుడిచి పొడిగా ఉంచడం, పొద్దుటి సాక్సులు సాయంత్రం మళ్ళీ వేసుకోకపోవడం దీనికంటే ఎక్కువ మేలు చేస్తాయి. షుగర్ ఉన్నవాళ్ళు పాదాల మీద ఇలాంటి ప్రయోగాలు అస్సలు చేయకండి, మంట తెలియక పుండు పడేదాకా తెలియదు.

తొడల మడతల్లో, నడుం దగ్గర గుండ్రంగా వచ్చే తామర గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. పదేళ్ళుగా మన దేశంలో తామర మొండికేసింది, మామూలు మందులకు లొంగని కొత్త రకం ఫంగస్ వచ్చింది, దానికి పేరు కూడా ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని మన దేశం మీదుగానే పెట్టారు. షాపులో అడిగితే ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాసి రాసి ఇది ఇంకా ముదిరింది. ఇలాంటి తామరకు టీ ట్రీ చాలదు, ఆ మడతల్లో మంట ఒక్కటే మిగులుతుంది. నేరుగా స్కిన్ డాక్టర్ దగ్గరికే వెళ్ళండి.

ఎక్కడ వాడకూడదు

నోట్లోకి పోనివ్వకూడదు, నీళ్ళలో చుక్క వేసుకుని పుక్కిలించడం కూడా వద్దు. చెవిపోటుకు నూనె పోసే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది, ఈ నూనె చెవిలో పోయకండి, లోపలి చెవికి హాని చేయొచ్చు. కళ్ళు, ముక్కు లోపల, మర్మాంగాలు, లోతైన గాయాలు, కాలిన చోట్లు, ఇవేవీ దీనికి తగినవి కావు. పెనం తగిలి చేయి కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టండి, నూనె కాదు. జలుబుకు ఆవిరి పట్టేటప్పుడు చుక్కలు వేసుకోవడం కరోనా రోజుల్నుంచి బాగా పెరిగింది, దాని ఘాటుకు కళ్ళు మండుతాయి, ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆయాసం రావచ్చు, ఉత్త ఆవిరి చాలు. గదిలోకి నూనె వాసన చిమ్మే డిఫ్యూజర్ వాడితే కిటికీ తెరిచి, అరగంటకు ఆపేయండి.

చంటిపిల్లల ఒంటి నూనెలో, బొడ్డు దగ్గర, మాడు మీద అస్సలు వద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్ని అడగాలి, రొమ్ము మీద మాత్రం ఎప్పుడూ రాయకూడదు. 2007లో అమెరికాలో లావెండర్, టీ ట్రీ ఉన్న సబ్బులు, జెల్లులు రోజూ వాడిన అబ్బాయిల్లో రొమ్ములు పెరిగాయని ముగ్గురి గురించి రాశారు, ముగ్గురిలో టీ ట్రీ తగిలింది ఒకరికే, కారణం ఇదేనని తేలలేదు, ఇప్పటికీ వాదన నడుస్తోంది. అయినా ఎదగని అబ్బాయిలకు రోజూ రాయాల్సిన అవసరమేముంది?

పెంపుడు జంతువుల విషయం చాలామందికి తెలియదు. కుక్క గోమార్లకు, దురదకు దీన్ని పూసేస్తుంటారు. 2002 నుంచి 2012 మధ్య అమెరికాలో జంతువుల విష ప్రమాదాల కేంద్రానికి కలపని టీ ట్రీ ఆయిల్ వల్ల 443 కుక్కలు, పిల్లుల కేసులు వచ్చాయి, వాటిలో ఎక్కువ భాగం యజమానులే మంచి జరుగుతుందని పూసినవి. వెనక కాళ్ళు పడిపోవడం, తూలడం, చొంగ కారడం, వణుకు. పిల్లుల కాలేయానికి దీన్ని విరగ్గొట్టే శక్తి తక్కువ, పైగా అవి ఒళ్ళంతా నాక్కుంటాయి. పిల్లి ఉన్న ఇంట్లో డిఫ్యూజర్ కూడా మానండి.

పొరపాటున తాగితే

టీ ట్రీ సీసా చూడటానికి పిల్లల విటమిన్ చుక్కల సీసాలానే ఉంటుంది. అర్ధరాత్రి, నిద్రమత్తులో, లైటు వేయకుండా తీస్తే ఎవరికైనా పొరపాటు జరుగుతుంది, కాబట్టి మందుల డబ్బాలో దీన్ని ఎప్పుడూ పెట్టకండి. అమెరికాలో 17 నెలల బాబు 10 మిల్లీలీటర్ల లోపే తాగి, కాసేపటికే నడవలేక తూలిపోయి మగతలోకి జారిపోయాడు, ఆసుపత్రిలో చేర్చాక కోలుకున్నాడు. చిన్న సీసా మొత్తం కలిపి 10 మిల్లీలీటర్లే అని గుర్తుంచుకోండి.

ఎవరైనా తాగితే ఉప్పునీళ్ళు పట్టి కక్కించకండి, పాలు, మజ్జిగ ఏదీ పోయకండి. కక్కేటప్పుడు నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే అసలు విషం కంటే అదే ప్రమాదం. నోరు తుడిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేసి, సీసాను వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రీపగలూ సలహా ఇస్తుంది. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్ళతో కడిగి కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. చర్మం మీద దద్దురు లేస్తే మెత్తని సబ్బుతో కడిగి, రాయడం ఆపేసి, రెండు రోజుల్లో తగ్గకపోతే చూపించుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు సీసా తీసుకెళ్ళండి, మూత తెరిచిన తేదీ దాని మీదే రాసి ఉంటుంది.